లెక్క తేలేదాకా కుట్టు వెయ్యొద్దు

మా సాఫ్టువేరు వాళ్ళకి ఒక ఊతపదం ఉంది, "యూజర్ రెసిస్టెన్స్" అని. ప్రాజెక్టు ఎక్కడ తన్నేసినా ఆఖరి మీటింగులో దీని మీద ఒక స్లయిడు ఉండి తీరుతుంది. తెలుగులో చెప్పాలంటే, "మేం చేసింది బ్రహ్మాండంగానే ఉంది, వాడాల్సిన వాళ్ళే మొండికేశారు" అని. అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ అన్నట్టు, మా ప్రోగ్రాములో లోపం ఉంటే అది "తెలిసిన సమస్య", వాళ్ళు వాడకపోతే మాత్రం అది వాళ్ళ బుద్ధి.

బ్యాంకుల్లోనూ బీమా కంపెనీల్లోనూ ఇలా అనేసి చేతులు దులుపుకుంటే మహా అయితే డబ్బులు పోతాయి. ఆస్పత్రిలో, అందులోనూ ఆపరేషను థియేటర్లో, ఎవరు దేన్ని ఎందుకు వద్దంటున్నారో వినకపోతే పోయేది బల్ల మీద మత్తులో పడుకున్న మనిషి ప్రాణం. కొన్నేళ్ళుగా నా కన్సల్టింగులో సగం ఆస్పత్రుల పనే కాబట్టి ఈ విషయం మీద నాకో అభిప్రాయం ఏర్పడింది. ముందే చెప్పేస్తాను. కొత్త భద్రతా పరికరాన్ని వద్దనే సిబ్బంది చెప్పే కారణాల్లో చాలావరకు నిజమైనవే, వాటిని వినాలి. కానీ ఎవరూ పైకి చెప్పని కారణం ఒకటుంది. దాన్ని మాత్రం ఒప్పుకోకూడదు. అదేమిటో నెమ్మదిగా వస్తాను.

ముందు అసలు సమస్య. పొట్ట కోసి చేసే ఆపరేషన్లో రక్తం అద్దడానికి గాజుగుడ్డ ముక్కలు పదులకొద్దీ వాడతారు. స్పాంజీలు, మాపులు అంటారు వాటిని. రక్తంలో నానిన గుడ్డ పేగుల మధ్య దాక్కుంటే పేగేదో గుడ్డేదో తెలీదు. అందుకే కోత పెట్టేముందు ఒక లెక్క, లోపల మూసేముందు ఒక లెక్క, చర్మం కుట్టేముందు ఇంకో లెక్క. బల్ల దగ్గర నిలబడే స్క్రబ్ నర్సూ, బయట తిరిగే నర్సూ ఇద్దరూ కలిసి పైకి వినబడేలా లెక్కపెట్టి బోర్డు మీద రాస్తారు. పైగా ఆ గుడ్డల్లో ఎక్స్‌రేకి కనిపించే దారం ఒకటి నేస్తారు, తేడా వస్తే ఫిల్ము తీసి వెతకడానికి.

ఇంత చేసినా మిగిలిపోతాయి. హైదరాబాదు నిమ్స్‌లో 2018 నవంబరులో హెర్నియా ఆపరేషను చేయించుకున్న ఒకావిడ కడుపునొప్పి తగ్గక మళ్ళీ వస్తే, 2019 ఫిబ్రవరిలో తీసిన ఎక్స్‌రేలో లోపల ఫోర్సెప్స్ కనిపించింది. పేపర్లూ టీవీలూ "కడుపులో కత్తెర" అని హోరెత్తించాయి. మూడు నెలలు ఆవిడ దాన్ని మోసింది. మనవాళ్ళకి పెద్ద జబ్బంటే మొదట గుర్తొచ్చే ఆస్పత్రుల్లో అదొకటి. అక్కడే అలా జరిగిందంటే ఇది చేతకాని డాక్టర్ల సమస్య కాదన్నమాట.

అమెరికాలో అతుల్ గవాండే, ఆయన సహచరులు 2003లో ఇలా వస్తువులు లోపల మిగిలిపోయిన 54 మంది కేసుల్ని తవ్వి చూశారు. మిగిలిపోయిన వాటిలో 69 శాతం గుడ్డలే. హడావుడిగా చేసిన ఎమర్జెన్సీ ఆపరేషన్లలో ప్రమాదం దాదాపు తొమ్మిది రెట్లు. మధ్యలో ప్లాను మారిపోయిన ఆపరేషన్లలో నాలుగు రెట్లు. ఇవి ఎవరైనా ఊహించగలరు. నేను ఊహించనిది ఇంకోటి: లెక్కపెట్టిన కేసుల్లో 88 శాతం వాటిల్లో "లెక్క సరిపోయింది" అనే రాసి ఉంది. లెక్క తప్పిందని తెలిసి వదిలెయ్యలేదు. సరిపోయిందనే నమ్మి కుట్టేశారు.

సరే, మనిషి లెక్క తప్పుతాడు, మిషను తప్పదు కదా? ఇక్కడే మా వాళ్ళు రంగంలోకి దిగారు. ఒక పద్ధతిలో ప్రతి గుడ్డకీ ఒక గీతల గుర్తు, అంటే బార్‌కోడు. కిరాణా కొట్లో సబ్బు మీద ఉండేలాంటిదే, కాకపోతే ఇక్కడ ఏ రెండు గుడ్డల గుర్తూ ఒకటి కాదు. లోపలికి పోయేప్పుడు స్కాన్, బయటికొచ్చాక స్కాన్. ఒకే గుడ్డని రెండుసార్లు లెక్కపెట్టే పొరపాటు దాంతో పోతుంది. రెండో పద్ధతి ఆర్‌ఎఫ్‌ఐడి. గుడ్డలో బియ్యపుగింజంత చిప్పు ఉంటుంది, రోగి పొట్ట మీద దండం లాంటి పరికరం తిప్పితే లోపల ఏదైనా ఉంటే కూస్తుంది.

వినడానికి ఎంత బాగుందో! దీన్ని వద్దనేవాళ్ళు ఎవరుంటారు? ఉంటారు. ఎందుకుంటారో నాకు అరటిపండు ఒలిచినట్టు చెప్పింది మా పిన్నిగారు.

ఇక్కడ మా ఊరి గురించి రెండు ముక్కలు చెప్పాలి. నేనిప్పుడు ఉంటున్నది మలేషియాలో, పెరాక్ రాష్ట్రం, బాగన్ దాతుక్ జిల్లా, హుటాన్ మెలింటాంగ్‌లో. మలయ్ భాషలో ఆ పేరుకి అడ్డంగా పడ్డ అడవి అని అర్థం. ఇప్పుడు అడవికి బదులు పామాయిలు తోటలు, కొబ్బరి చెట్లు, బెర్నామ్ నది ఒడ్డున చేపల పడవలు. శ్రీకాకుళం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి తెల్లవాళ్ళ కాలంలో తోటపనికి వచ్చినవాళ్ళ మునిమనవలు ఈ చుట్టుపక్కల ఉన్నారు. మూడు తరాల కిందటి ఉత్తరాంధ్ర మాట ఇక్కడ పచ్చడి జాడీలో ఊరగాయలా భద్రంగా ఉంది, పైన కాస్త మలయ్ మాటల పోపు. ఇంటర్నెట్ ఉంటే నా ఉద్యోగానికి ఏ ఊరైనా ఒకటే కాబట్టి ఇక్కడ చేరాను.

పక్కింటి పిన్నిగారు ముప్ఫై ఏళ్ళకి పైగా థియేటరు నర్సుగా చేసి రిటైరయ్యారు. ఏ ఆస్పత్రో అక్కర్లేదు, ఈ ఊళ్ళోది మాత్రం కాదు. ఆవిడకి నేను బార్‌కోడు గుడ్డల గురించి మహా ఉత్సాహంగా చెబుతుంటే, చింతపండు గింజలు తీస్తూ అంతా విని, ఇలా అన్నారు.

"మంచిదే లా బాబూ, నాను కాదన్లేదు. మా కాడికీ అలాంటి మిషనొకటి తెచ్చినారు, సూపించడానికి. గుడ్డ రగతంలో ముద్దయిపోతే దాని గీతలు అది సదవదు. నాను గుడ్డ పిండి, పరిసి, మల్లా దాని మొకం ముందెట్టాల. అవతల మనిసికి రగతం పోతంది, ఇవతల మిషను కుయ్ కుయ్‌మంటంది. నానెవుల్ని సూడాల?"

ఇది మొదటి కారణం. రెండోది ఇంకా సూటిగా చెప్పారు. "లెక్క తప్పితే రిపోర్టులో మిషను పేరు రాయరు లా. నా పేరు రాస్తారు."

ఈ రెంటికీ నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే ఆవిడ చెప్పింది నిజం. బోస్టన్‌లో బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆస్పత్రి వాళ్ళు 300 ఆపరేషన్ల మీద బార్‌కోడు గుడ్డల్ని పరీక్షించి 2008లో ఫలితాలు ప్రచురించారు. మామూలు లెక్కకి పట్టిన సమయం సగటున 2.4 నిమిషాలు, బార్‌కోడు లెక్కకి 5.3 నిమిషాలు. రెట్టింపు కన్నా ఎక్కువ! చదవకుండా మొరాయించిన గుడ్డలు కూడా కొన్ని తేలాయి. "టైము పడుతుంది" అని నర్సు అంటే అది బద్ధకం కాదు, కొలిచి చూపించిన వాస్తవం. కానీ అదే పరీక్షలో ఇంకో అంకె ఉంది. మామూలు పద్ధతిలో 13 తేడాలు బయటపడితే, బార్‌కోడు పద్ధతిలో 32 బయటపడ్డాయి. ఆ అదనపు మూడు నిమిషాలు ఊరికే పోలేదు.

అమెరికాలోనే రాచెస్టర్‌లో ఉన్న మేయో క్లినిక్ సంగతి చూడండి. 2006 నుంచి 2009 ఆరంభం దాకా వాళ్ళకి సగటున 64 రోజులకొకసారి ఒక గుడ్డ లోపల మిగిలిపోతుండేది. 2009 ఫిబ్రవరిలో గుర్తులున్న గుడ్డలు మొదలుపెట్టారు. ఆ తర్వాతి 18 నెలల్లో 87,404 ఆపరేషన్లు జరిగితే ఒక్క గుడ్డ కూడా మిగల్లేదు. సున్నా.

కాబట్టి పిన్నిగారి మాటా నిజమే, మేయో సున్నా కూడా నిజమే. మాలాంటివాళ్ళు చేసే పని ఏమిటంటే, రెండోదాన్ని స్లయిడు మీద పెద్ద అక్షరాలతో వేసి మొదటిదాన్ని "రెసిస్టెన్స్" అనడం. చెయ్యాల్సింది ఏమిటంటే, ఆ మూడు నిమిషాలు ఎవరి నెత్తిన పడుతున్నాయో చూసి, అక్కడ ఇంకో మనిషిని పెట్టడమో, ఆ రోజు జాబితాలో ఒక ఆపరేషను తగ్గించడమో. పరికరం కొనడానికి బడ్జెట్ దొరుకుతుంది. దాన్ని వాడే నిమిషాలకి ఎవరూ బడ్జెట్ పెట్టరు.

పరికరమంటే డబ్బు, మరి కాగితం? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో శస్త్రచికిత్స భద్రతా చెక్‌లిస్టు అని ఒక్క పేజీ కాగితం విడుదల చేసింది. 19 అంశాలు, మూడు మజిలీలు: మత్తు ఇచ్చేముందు, కోత పెట్టేముందు, రోగి థియేటరు దాటేముందు. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లోని ఎనిమిది ఆస్పత్రుల్లో వాడి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి, కాంప్లికేషన్లు 11 నుంచి 7 శాతానికి. ఇది 2009 జనవరిలో వచ్చిన ఫలితం. మలేషియా ఆరోగ్యశాఖ 2013లో ప్రకటించిన 13 రోగి భద్రతా లక్ష్యాల్లో సురక్షిత శస్త్రచికిత్స కూడా ఒకటి.

తర్వాత కెనడాలో ఒంటారియో రాష్ట్రం వాళ్ళు 101 ఆస్పత్రుల్లో చెక్‌లిస్టు పెట్టాక ఏమైందో లెక్క తీశారు. 2014లో వచ్చింది ఆ ఫలితం. మరణాలు 0.71 శాతం నుంచి 0.65 శాతానికి. అంటే గణాంకాల ప్రకారం చెప్పుకోదగ్గ మార్పేమీ లేదు. చెక్‌లిస్టు పాటిస్తున్నామని ఆస్పత్రులు ఇచ్చిన లెక్క మాత్రం తొంభై శాతం పైమాటే!

అదే కాగితం ఒకచోట ప్రాణాలు కాపాడి ఇంకోచోట ఏమీ చెయ్యకపోవడం ఏమిటని చాలామంది బుర్రలు బద్దలుకొట్టుకున్నారు. నాకైతే అంత ఆశ్చర్యం వెయ్యలేదు. ఒక ఆస్పత్రిలో (పేరు అడక్కండి) చెక్‌లిస్టుని కంప్యూటర్లో పెట్టాక, ఆ డేటాబేసుని నేను చూశాను. మత్తు ముందు, కోత ముందు, బయటికొచ్చే ముందు అన్న మూడు మజిలీలూ కొన్ని కేసుల్లో ఒకే నిమిషంలో నమోదయ్యాయి. రెండు గంటల ఆపరేషను ఒక్క నిమిషంలో ముగిసిందన్నమాట. టిక్కులు మాత్రం నూటికి నూరు శాతం. మేనేజిమెంటు వారి నెలవారీ నివేదికలో పచ్చరంగు. తప్పనిసరి గడి పెడితే జనం అందులో చుక్క పెట్టి ముందుకెళ్ళిపోతారని ప్రోగ్రాములు రాసే ప్రతివాడికీ తెలుసు. సాఫ్టువేరు టిక్కుని అడగగలదు. ఆగి, తలెత్తి, ఒకరి మొహం ఒకరు చూసుకోమని అడగలేదు.

"మన ఆస్పత్రులకి టెక్నాలజీ అంటే పడదండీ" అనేవాళ్ళకి ఒక మాట. 2007 ఏప్రిల్లో ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ మొదలైంది. ముందస్తు అనుమతి ఆన్‌లైన్లో, పరీక్షల ఫలితాలు ఆన్‌లైన్లో, ఫొటోలు ఎక్కించాలి, డిశ్చార్జి వివరాలు ఎక్కించాలి. అప్పటిదాకా కేస్‌షీటు చేత్తో రాసిన ఆస్పత్రులు చకచకా నేర్చేసుకున్నాయి. ఎందుకు? ఎక్కించకపోతే బిల్లు రాదు. ఇందులో తప్పు పట్టడానికేం లేదు. నేను చెప్పేదల్లా ఒకటే: "మా సిబ్బందికి కొత్తవి అలవాటు కావండీ" అనే మాట బిల్లింగు సాఫ్టువేరు విషయంలో ఎప్పుడూ వినపడదు. భద్రత విషయంలోనే వినపడుతుంది. కాబట్టి సమస్య సిబ్బంది తెలివితేటల్లో లేదు. ఏది ముఖ్యమని పైవాళ్ళు అనుకుంటున్నారో సిబ్బందికి బాగా తెలుసు, అంతే.

ఇప్పుడు ఎవరూ పైకి చెప్పని ఆ కారణం దగ్గరికి వద్దాం. పిన్నిగారిని అడిగాను, లెక్క తేడా వచ్చిందని మీకు తెలిసినప్పుడు ఏం చేసేవారు అని. ఆవిడ చింతపండు పక్కన పెట్టి నవ్వారు.

"ముందు నెల మీద ఎతుకుతాం. తరవాత బుట్టలో ఎతుకుతాం. డాక్టరుకి సెప్పడం ఆకర్న. మంచోలైతే ఆగుతారు. కొందరు ఆగరు. లెక్క నీది తప్పయి ఉంటాది, మల్లా సూడు, అని కుట్టేస్తంటారు. నాను ఆగమంటే ఆగడానికి నానెవుల్ని?"

మొత్తం వ్యాసంలో మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఏదైనా ఉంటే ఆ చివరి ప్రశ్నే. మిషను కూసినా, కాగితం చెప్పినా, చివరికి "ఆగండి" అనాల్సింది ఒక మనిషి. ఆ మనిషి సాధారణంగా గదిలో జీతం తక్కువ, వయసు తక్కువ, మాట విలువ తక్కువ ఉన్న మనిషి.

2005లో ఇంగ్లండులో ఒక పైలట్ భార్య సైనస్‌కి సంబంధించిన మామూలు ఆపరేషనుకి వెళ్ళింది. మత్తు ఇచ్చాక గాలి ఆడలేదు. పెద్ద పెద్ద అనుభవమున్న డాక్టర్లు గొంతులోకి గొట్టం వెయ్యాలని ప్రయత్నిస్తూ సమయం మరిచిపోయారు. గొంతు కింద కోసి గాలి అందించడానికి కావలసిన సామాను ఒక నర్సు తెచ్చి పెట్టింది. ఇంకో నర్సు ఐసీయూలో మంచం సిద్ధం చేయించింది. ఏం చెయ్యాలో వాళ్ళకి తెలుసు. కానీ గట్టిగా చెప్పలేకపోయారు, చెప్పినంత మేరా ఎవరూ అందుకోలేదు. ఆవిడ చనిపోయింది. ఆ పైలట్ ఎవరి మీదా పగ పట్టలేదు. తన వృత్తిలో ఇలాంటిదాన్ని ఎలా పరిశోధిస్తారో అలా పరిశోధించమన్నాడు. తర్వాత 2007లో వైద్యంలో మనుషుల పొరపాట్ల మీద పనిచేసే ఒక బృందాన్నే స్థాపించాడు.

పైలట్లకి ఇది ఎందుకు తెలుసంటే వాళ్ళు దీనికి మూల్యం చెల్లించారు. 1977 మార్చి 27న టెనెరీఫ్‌లో రెండు విమానాలు రన్‌వే మీద గుద్దుకుని 583 మంది పోయారు. రన్‌వే ఖాళీ అయిందా అని ఒక విమానంలో ఫ్లైట్ ఇంజనీరు అడగనే అడిగాడు. కంపెనీలోకెల్లా పెద్ద పేరున్న కెప్టెన్ అయిందని తేల్చేశాడు. ఇంజనీరు మళ్ళీ అడగలేదు. ఆ తరవాతి ఏళ్ళలో విమాన సంస్థలు కిందివాళ్ళు పైవాళ్ళని ఆపడం ఎలాగో, ఆపితే పైవాళ్ళు ఆగడం ఎలాగో తరగతులు పెట్టి నేర్పడం మొదలుపెట్టాయి.

చెక్‌లిస్టులో కోత ముందు అంశం ఒకటుంది. గదిలో ఉన్న అందరూ తమ పేరూ, చేసే పనీ పైకి చెప్పాలి. చాలామంది సర్జన్లు నవ్వుకునేది దీన్ని చూసే. "రోజూ చూసే మొహాలే కదా, ఇదేం నాటకం" అంటారు. మన థియేటర్లలో నర్సుకి పేరుండదు, "సిస్టర్", "ఏమ్మా". సర్జనుకీ పేరుండదు, "సార్". ఒకసారి పేరు చెప్పి నోరు తెరిచిన మనిషికి రెండోసారి నోరు తెరవడం కాస్త సులువు. ఆ అంశం అక్కడున్నది అందుకే. అది నాటకమైతే అన్నిటికన్నా పనికొచ్చే నాటకం.

సర్జన్ల వైపు నుంచి కూడా చూడాలి. ఇరవై ఏళ్ళు చేసిన చెయ్యి, వేల కేసులు, పైన బాధ్యతంతా తనదే, కోర్టుకెక్కేదీ తనే. అలాంటివాడికి కాగితం చూసి రోగి పేరు చదవమంటే చిన్నబుచ్చినట్టే ఉంటుంది. నాకు అర్థమవుతుంది. కానీ ఆ ఎనిమిది ఆస్పత్రుల సిబ్బందినే అభిప్రాయం అడిగితే (2011లో ప్రచురించారు) దాదాపు 20 శాతం మంది ఈ చెక్‌లిస్టుకి చాలా సమయం పడుతోందన్నారు. రేపు బల్ల మీద మీరే పడుకుంటే వాడమంటారా అని అడిగితే 93 శాతం మంది వాడమన్నారు! తనకి కావాలనుకున్నది రోగికి మాత్రం ఎందుకు అనడానికి ఏ అనుభవమూ చాలదు.

కాబట్టి నా అభిప్రాయం ఇది. సమయం పడుతుందన్న అభ్యంతరాన్ని ఒప్పుకోండి, సమయం ఇవ్వండి. మిషను మొరాయిస్తుందన్న అభ్యంతరాన్ని ఒప్పుకోండి, కొనకముందే రక్తంలో ముంచిన గుడ్డతో నర్సుల చేత పరీక్ష చేయించండి, డెమో గదిలో తెల్లటి గుడ్డతో కాదు. నింద నా మీద పడుతుందన్న భయాన్ని ఒప్పుకోండి, లెక్క తేడా ముందే చెప్పినవాళ్ళకి శిక్ష ఉండదని రాసివ్వండి. కానీ "నేను ఆగమంటే ఆగడానికి నువ్వెవరు" అన్నదాన్ని మాత్రం ఒప్పుకోకండి. లెక్క తేలేదాకా కుట్టు పడదు, ఆ మాట చెప్పే హక్కు నర్సుది, కాదనే హక్కు ఎవరికీ లేదు అని ఆస్పత్రి పెద్ద సంతకం పెట్టి థియేటరు గోడకి అంటించాలి. దానికి బార్‌కోడు అక్కర్లేదు, నాలాంటి కన్సల్టెంటు అంతకన్నా అక్కర్లేదు. అది లేకుండా లక్షలు పోసి కొన్న మిషను, ఎవరూ వినని గదిలో కూస్తూ కూర్చుంటుంది.

రోగి తాలూకు మనుషులుగా మనం ఏం చెయ్యొచ్చు అంటారా? ఆపరేషనుకి ముందు గది అద్దె ఎంత, ప్యాకేజీలో ఏమేం వస్తాయి అని అడుగుతాం. ఇంకో రెండు ప్రశ్నలు అడగండి. చెక్‌లిస్టు మీరు పైకి చదువుతారా? లెక్క తేడా ఉందని నర్సు అంటే మీరు ఆగుతారా? మంచి సర్జనయితే ఏమీ అనుకోడు. మొహం మాడ్చుకున్నాడంటే, మీకు జవాబు దొరికినట్టే.